మూత తీయని నత్త

నానక్‌రామ్‌గూడ వెనకాల, అద్దాల మేడలకు పునాదులు తవ్వుతున్న చోట, ఒక కుంట ఉండేది. పేరు లేని కుంట. ఒక పక్క బండరాళ్ళు, ఒక పక్క బర్రెలు దిగే చోటు, ఇంకో పక్క టిప్పర్లు తెచ్చి పోసిన మట్టి. నేను అక్కడికి నత్తల కోసం వెళ్ళేదాన్ని. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎదుటివాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ. నాకు మాత్రం ఆ కుంట ఇన్నేళ్ళ తర్వాత కూడా తలపుకొస్తూనే ఉంటుంది.

అప్పట్లో మాదాపూర్‌లో ఒక ల్యాబ్‌లో నాకు ఉద్యోగం. మందుల కంపెనీలు పంపే నమూనాల్లోంచి డీఎన్‌ఏ తీసి, అందులోని అక్షరాల వరుస చదివి పంపడం మా పని. ఉద్యోగం పొట్ట కోసం. ప్రాణమంతా పీహెచ్‌డీ మీద ఉండేది. మన కుంటల్లో, చెరువుల్లో బతికే నత్తలు ఎన్ని రకాలు, ఏది దేనికి దాయాది అన్నది నా పరిశోధన. మా బాస్ మంచివాడు, మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు నా నమూనాలు పెట్టుకోనిచ్చేవాడు. ఉండేది బోరబండలో, అన్న దగ్గర. అన్న ఆటో నడిపేవాడు. ఆటో వెనక అద్దం మీద జై తెలంగాణ అని పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. ఊరేగింపు ఎక్కడుంటే అక్కడికి ఆ ఆటో పోయేది.

నత్త, ఆల్చిప్ప, ఆక్టోపస్ మూడూ ఒకే వంశం అని మొదటిసారి చెప్పినప్పుడు అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏందే చెల్లె, గా ఎనిమిది చేతులదానికీ మన పొలంకాడి నత్తకూ సుట్టరికమా? ఎవలన్న వింటే నగుతరు."

ఓపిగ్గా చెప్పాను. ఆల్చిప్పకు తల లేదు. ఆక్టోపస్‌కు గుల్ల లేదు. కానీ మూడింటికీ మెత్తటి ఒంటి మీద ఒకే రకం పొర కప్పి ఉంటుంది. నత్త ఏ కండతో పాకుతుందో, ఆ కండ నుంచే ఆక్టోపస్ చేతులు వచ్చాయి. నత్త నోట్లో ఆకురాయిలాంటి పళ్ళ పట్టీ ఉంటుంది, ఆక్టోపస్‌కూ ఉంటుంది, ఆల్చిప్పకు వాడకం లేక పోయింది. పోయినవీ మారినవీ పక్కన పెట్టి, తాతముత్తాతల నుంచి మిగిలినవి ఏవో వెతుక్కోవాలి. మా శాస్త్రమంతా ఆ వెతుకులాటే.

గుల్లను మాత్రం నమ్మకూడదు. పారే నీళ్ళలో పెరిగితే ఒకలా, బురదలో పెరిగితే ఒకలా, నీళ్ళలో సున్నం తక్కువైతే ఇంకోలా తయారవుతుంది. ఒకే జాతి రెండుగా కనిపిస్తుంది, రెండు జాతులు ఒక్కటిగా కనిపిస్తాయి. అందుకే జన్యువులోని అక్షరాలు చదువుతాం. రెండు నత్తల్లో ఒకే జన్యువు తీసి పక్కపక్కన పెడితే, తేడాలు తక్కువుంటే ఈమధ్య విడిపోయిన దాయాదులు, ఎక్కువుంటే ఎప్పుడో విడిపోయినవాళ్ళు. అలా కొమ్మా కొమ్మా కలుపుతూ కంప్యూటర్ ఒక చెట్టు గీస్తుంది. అక్షరాల్లోంచి ప్రతిసారీ వేరే వేరే వాటిని ఏరి మళ్ళీ మళ్ళీ గీయిస్తాం. ప్రతిసారీ అదే కొమ్మ అదే చోట మొలిస్తే అప్పుడు నమ్ముతాం.

"గదే మేం జెప్తున్నం," అనేవాడు అన్న చప్పట్లు కొట్టి. "ఒక్క తీరుగ కనిపించినంత మాత్రాన ఒక్కటే గాదు!"

మా సార్‌కు చెబితే ఆయన ఇంకోలా అనేవారు. "చివరికి అందరికీ మూలం ఒక్కటేగా అమ్మా. మరి ఈ గొడవంతా దేనికండీ?"

ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండేది. నా నత్తలను మీ రాజకీయాల్లోకి లాగకండి అని అరిచేదాన్ని.

సార్ అంటే నాకు ఈ విద్య నేర్పిన మాస్టారు. గోదావరి వైపు మనిషి. చిన్న వయసులో ఉద్యోగానికొచ్చి ఇక్కడే ముసలివాడైపోయారు. రిటైరయ్యాక మూసాపేటలో ఒంటరిగా ఉండేవారు. వరండా నిండా గుల్లల బీరువాలు. కళ్ళు మూసుకుని గుల్లను వేళ్ళ మధ్య తిప్పి అది ఏ నదిదో చెప్పగలరు. ఆయన కాలంలో నత్త అంటే గుల్లే. ఒళ్ళు పారేసి గుల్ల దాచుకునేవాళ్ళు. ఆయన రాసిన పట్టికలన్నీ గుల్లను చూసి రాసినవే. నేను డీఎన్‌ఏ మాట ఎత్తితే మొహం అదోలా పెట్టేవారు గానీ, వద్దని మాత్రం ఏనాడూ అనలేదు.

కుంటలో నాకు దొరికింది ఒక చచ్చిన తల్లి నత్త. చెరువు నత్త గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. తల్లి కడుపులో ఉండగానే పిల్లకు ఆవగింజంత గుల్ల తయారవుతుంది, ఆ గుల్ల మీద నూగు వరుసలుగా ఉంటుంది. మామూలు చెరువు నత్తల్లో నేను చూసిన ప్రతి పిల్లకూ ఆ నూగుంది. ఈ చచ్చిన తల్లిలో ఎండిపోయి మిగిలిన పిల్లగుల్లలు మాత్రం గాజులా నున్నగా ఉన్నాయి. పరుగున పోయి సార్‌కు చూపించాను. ఆయన భూతద్దం పెట్టి తిప్పి తిప్పి చూశారు.

"చచ్చాక నూగు రాలిపోయుంటుందమ్మా. ఇది మామూలు చెరువు నత్తే. ఉబలాటపడకు."

"కాదు సార్. ఇది వేరే."

"అయితే బతికున్నవి పట్టుకురా. అప్పుడు మాట్లాడదాం."

చుట్టుపక్కల కుంటలన్నీ గాలించాను. నున్నటి పిల్లల నత్త ఇంకెక్కడా లేదు, ఆ ఒక్క కుంటలోనే. ఆ కుంటను రోజూ టిప్పర్లు పూడుస్తున్నాయి, సగం అప్పటికే మైదానమైపోయింది. ఆ నత్త ఎవరో, ఎవరికి దాయాదో తేలకముందే కుంట పూడిపోతే ఇక ఎప్పటికీ తేలదు. అది ఉండేదని కూడా ఎవరికీ తెలియదు. నాకు వేరే ధ్యాస లేకుండా పోయింది. తింటున్నా అదే, పడుకున్నా అదే.

ఒక ఆదివారం బురదలో దిగి బకెట్‌కు సరిపడా బతికున్న నత్తలు పట్టాను. సార్ ఇంట్లో తొట్టెలున్నాయి, గాలి పంపుంది. అక్కడ ఉంచితే తల్లులు వాటంతట అవే కంటాయి, పుట్టీపుట్టగానే పిల్లల్ని చూడొచ్చు, తర్వాత తాజా కండతో డీఎన్‌ఏ తీయొచ్చు అనుకున్నాను. సార్ సంతోషంగా తీసుకున్నారు. "నాకూ తోడుంటాయిలే" అన్నారు.

ఆ వారంలోనే సకల జనుల సమ్మె మొదలైంది.

బస్సులు ఆగాయి. బడులు మూశారు. గనుల్లో బొగ్గు తవ్వేవాళ్ళు పని మానేస్తే కరెంటు పోవడం మొదలైంది. మామూలు బంద్ అయితే ఐటీ కంపెనీలు ఆ రోజు సెలవిచ్చి, ఆ పని శనివారం చేయించుకునేవి. మా ల్యాబ్‌కు ఆ వీలు లేదు, ఫ్రీజర్లు ఆగకూడదు. అందుకని కొందరిని లోపలే పరుపులు వేసి ఉంచారు. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, కాబట్టి నేనుండాలట! ఏం చెప్పను నా ఖర్మ. అద్దాల మేడలో కూర్చుని కింద రోడ్డు మీద డప్పులు వింటూ, మందుల కంపెనీ నమూనాలకు కాపలా కాశాను. ఫోన్లు లోపలికి తేనివ్వరు, లాకర్లో పెట్టాలి. బయటికొచ్చి చూసుకుంటే సార్ నుంచి వరసగా కాల్స్. తిరిగి చేస్తే, "ఏం కంగారు లేదమ్మా, నేను చూసుకున్నాను" అన్నారు.

ల్యాబ్ నుంచి వదిలిన రోజు నేను ఇంటికి పోలేదు. నడుచుకుంటూ, దొరికిన చోట ఎవరి బండి వెనకో ఎక్కుతూ మూసాపేట చేరాను. సార్ గుమ్మంలోనే ఎదురొచ్చి వరండాలోకి తీసుకెళ్ళారు. బల్ల మీద పెద్ద గాజు సీసా. దాని నిండా ఆల్కహాల్, అందులో నా నత్తలు. ఒక్కో గుల్లా కడిగి, తుడిచి, అందంగా పేర్చారు. ఆయన చక్కటి దస్తూరీలో చీటీ కూడా అంటించారు.

"కరెంటు పోయి పంపు ఆగిపోయిందమ్మా. నీళ్ళు కంపు కొట్టాయి, ఒకటీ రెండూ తేలాయి. నీకేమో ఫోన్ కలవదు. అన్నీ చచ్చిపోతాయని భయమేసి బతికుండగానే సీసాలో వేశాను. ఒక్క గుల్ల కూడా పాడు కానివ్వలేదు, చూడు."

చూశాను. ప్రతి నత్తా మూత బిగించుకుని ఉంది. నా ప్రాణం అక్కడికక్కడే పోయింది.

ఈ నత్త పాదానికి ఒక మూత ఉంటుంది. ప్రమాదం వస్తే ఒళ్ళంతా లోపలికి లాక్కుని, ఆ మూతతో తలుపేసుకుంటుంది. నీటిబొట్టు కూడా దూరదు. బతికున్న నత్తను తిన్నగా ఆల్కహాల్‌లో వేస్తే అది మూత బిగించుకునే చస్తుంది. ఆల్కహాల్ బయటే ఉండిపోతుంది, లోపల ఒళ్ళు కుళ్ళిపోతుంది. అందుకే మేం ముందు నీళ్ళలో మెంథాల్ పలుకులు వేస్తాం. అది మత్తులో ఒళ్ళు బయటికి చాచి నిద్రపోయాక ఆల్కహాల్ పోస్తాం. లేదంటే గుల్ల పగలగొట్టి వేస్తాం. సార్ తన ఉద్యోగమంతా తిన్నగా సీసాలోనే వేశారు. గుల్ల కావలసినవాళ్ళకు లోపల ఏం కుళ్ళితే ఏం?

పట్టకారుతో ఒకటి పగలగొట్టాను. వరండా అంతా కంపు. లోపల నల్లటి జావ. ఇంకొకటి పగలగొట్టాను. అదీ అంతే. కోపం వస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది.

"ఏం జేసిన్రు సార్! ఏం జేసిన్రు! అన్ని కుళ్ళిపోయినయి! మీకు గుల్లలు దక్కినయి, నాకేం దక్కింది? నా బొంద దక్కింది!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఒక్కో గుల్లా తీసి వాసన చూడటం మొదలుపెట్టారు. ఏడవాలో తిట్టాలో తెలియక గోడకు తల ఆనించుకుని నిలబడ్డాను. ఆ జావ నుంచి ఏమైనా వస్తుందేమోనని తర్వాత ల్యాబ్‌లో ఎన్ని రకాలుగానో ప్రయత్నించాను. ముక్కలు ముక్కలైపోయిన డీఎన్‌ఏ. చదవడానికి ఒక్క వరుస మిగల్లేదు.

ఇంట్లో అన్న దగ్గర ఏడ్చాను. అన్న మొహం గంటు పెట్టుకున్నాడు.

"దినాం పోరగాండ్లు పానాలు తీసుకుంటున్నరు. నువ్వు నత్తల కోసం ఏడుస్తున్నవా? జర సిగ్గుండాలె."

ఆ మాట నిజమే. ఆ పిల్లల ఫోటోలు పేపర్లో చూసి నేనూ అన్నం మానేసినదాన్నే. తెలంగాణ రావాలని నాకు లేదా? కానీ ఒక ఏడుపు ఉంటే ఇంకో ఏడుపు ఉండకూడదని ఎవరు చెప్పారు? అదే మాట అన్నతో గట్టిగా అన్నాను. ఇద్దరం రెండు రోజులు మాట్లాడుకోలేదు.

ఒక్కటే ఆశ. సమ్మెలో టిప్పర్లు కూడా నడవడం లేదు. నన్ను కుంట దగ్గరికి పోనివ్వని బంద్, ఆ కుంటను పూడ్చేవాళ్ళను కూడా పోనివ్వడం లేదు. మళ్ళీ వెళ్ళి పట్టుకోవాలి, అంతే. ఫోన్‌లో చెబితే సార్ "నేనూ వస్తానమ్మా" అన్నారు. వద్దన్నా వినలేదు. పొద్దున్నే చెరొక ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని మూసాపేట నుంచి నడక మొదలుపెట్టాం.

కొండాపూర్ దగ్గర రోడ్డు మీద వంటావార్పు. నడిరోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు పెట్టి జనం అన్నం వండుతున్నారు. దాటి పోబోతే ఒకాయన అడ్డొచ్చాడు. "యాడికి పోతున్రు? తిని పోవాలె." సార్ మొహమాటంగా "ఫర్వాలేదండి, మాకు కొంచెం తొందర పనుందండి" అన్నారు. ఆ 'అండి' వినగానే చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. అంతలో పొయ్యి దగ్గరి పెద్దమ్మ గరిటెతోనే రమ్మని సైగ చేసింది.

"ఏ ఊరాయన అయితేంది, ఆకలైతే లేదా? కూసో పెద్దాయనా. పప్పు మంచిగైంది."

సార్ రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని విస్తరాకులో పప్పన్నం తిన్నారు. తింటుంటే ఆయన కళ్ళలో నీళ్ళు. కారమన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు, ఒక్కో నిమిషం ప్రాణం మీద కూర్చున్నట్టుంది.

గచ్చిబౌలి దాటనివ్వలేదు. పోలీసులు ముళ్ళకంచె వేసి నిలబడ్డారు. ఎక్కడికని అడిగితే ఉన్నమాట చెప్పాను, కుంటలో నత్తలు తెచ్చుకోవాలని. కానిస్టేబుల్ నేను వెటకారం చేస్తున్నాననుకున్నాడు. "తమాషాలా?" అని లాఠీ ఎత్తాడు. సార్ నాకు అడ్డం నిలబడి చేతులు జోడించారు. డబ్బాలతో వెనక్కి నడిచాం. తర్వాత నేనొక్కదాన్నే ఇంకో రెండుసార్లు పోయాను. రెండుసార్లూ అక్కడి నుంచే తరిమేశారు.

సమ్మె వాయిదా వేశారని ఒక సాయంత్రం టీవీలో చెప్పారు. అన్న తల పట్టుకుని గడప మీద కూలబడ్డాడు. "ఇన్ని దినాలు కడుపులు మాడ్చుకున్నం. ఏమొచ్చిందే? ఏమొచ్చింది?" నాకొచ్చిన ఆలోచన ఒక్కటే, పొద్దున టిప్పర్లు బయల్దేరతాయి. ఆ మాట బయటికే అనేశాను. అన్న గడప మీద నుంచి లేచాడు.

"తెల్లారంగనే పోదాం తియ్," అన్నాడు.

తెల్లవారేసరికి ఆటో తీశాడు. కానీ మాలాగే నగరమంతా బయల్దేరింది. ఆగిపోయిన బస్సులు, క్యాబులు, లారీలు అన్నీ ఒకేసారి రోడ్డెక్కాయి. హైటెక్ సిటీ దాటి కొంతదూరం పోయాక ట్రాఫిక్ బిగుసుకుపోయింది. మా ముందు టార్పాలిన్ కప్పని టిప్పర్, నిండా ఇటుక పెళ్ళలు, కాంక్రీటు ముక్కలు. దాని ముందు ఇంకొకటి. దాని ముందు మరొకటి.

"గివి గాడికేనా?" అన్నాడు అన్న.

తలూపాను. అన్న హారన్ మీద చెయ్యి తీయలేదు. ఎవరు కదులుతారు? టిప్పర్ అంగుళం జరిగితే మేం అంగుళం జరుగుతున్నాం. దాని వెనకే, దాని దుమ్ము తింటూ, అది పోయేచోటికే పోతున్నాం. నాకు పిచ్చెక్కినట్టయింది. ఆటో దిగి పరుగెత్తాను. చెప్పు తెగితే రెండోదీ వదిలేశాను.

నేను పోయేసరికి మాకంటే ముందు చేరిన టిప్పర్లు తమ పని కానిచ్చేశాయి. బుల్డోజర్ మట్టిని చదును చేస్తోంది. నీళ్ళు లేవు. ఒక మూలన మట్టికీ బండరాయికీ నడుమ చాప వెడల్పు బురద మిగిలింది. అందులోకి దూకాను. చేతికొచ్చినవన్నీ పగిలిన గుల్లలు. డ్రైవర్ ఇంజిన్ ఆపి తిట్టడం మొదలుపెట్టాడు. అంతలో ఆటో ఎక్కడో వదిలేసి అన్న వచ్చాడు. డ్రైవర్‌తో ఏం మాట్లాడాడో తెలియదు, వచ్చి ప్యాంటు మడిచి నా పక్కనే బురదలో దిగాడు. మోచేతుల దాకా చేతులు పెట్టి దేవాడు.

"చెల్లె, గిదేనా?"

పగలని గుల్ల. నిండు బరువు. పెద్దది, తల్లి. మూత బిగించుకుని ఉంది. అదొక్కటే. బుల్డోజర్ మళ్ళీ మొదలయ్యే దాకా వెతికాం, ఇంకొకటి దొరకలేదు.

తిన్నగా సార్ ఇంటికి తీసుకెళ్ళాం. డబ్బాలో కుంట బురదనీళ్ళు పోసి, నత్తను పెట్టి, ఎదురు చూస్తూ కూర్చున్నాను. బతికున్న నత్త కుదుట పడ్డాక మూత తీసి పాదం చాస్తుంది. చాచిందంటే గోరు చివరంత ముక్క కత్తిరించుకుంటే చాలు, దానికేమీ కాదు. తల్లి బతుకుతుంది, కంటుంది, నాకు డీఎన్‌ఏ వస్తుంది. అదొక్కటి తలుపు తీస్తే చాలు.

తీయలేదు. ఆ పగలంతా తీయలేదు. మర్నాడు పొద్దున కూడా తీయలేదు. నీళ్ళు మార్చాను, నీడలో పెట్టాను, ఎండ తగిలించాను, పాలకూర ఆకు వేశాను. తీయవే తల్లీ అని బతిమాలాను. మళ్ళీ కరెంటు పోయింది, వరండా పొయ్యిలా ఉంది. బతికి ఉంటే ఆగాలి, తెరిస్తే చస్తుంది. చచ్చి ఉంటే ఆగకూడదు, ఒక్కో గంటకూ లోపల కుళ్ళుతుంది. మూత మీద తడితే ఏమీ తెలియదు. బురద కంపులో వాసన కూడా తెలియదు. సార్ చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని, చివరికి తల అడ్డంగా ఊపారు.

"నేను చెప్పలేనమ్మా. నాకు తెలియడం లేదు."

మధ్యాహ్నం మూత అంచున ఒక బుడగ వచ్చింది. ఊపిరో, కుళ్ళో. నేను పట్టకారు తీసుకున్నాను.

"ఇంకొక్క పూట ఆగుదామా?" అన్నారు సార్.

"సీసా మర్చిపోయిన్రా సార్?"

ఆయన కిటికీ దగ్గరికి మైక్రోస్కోపు జరిపారు. నేను గుల్ల భుజం మీద నొక్కాను. పటుక్కుమని విరిగింది. పెచ్చు లేపగానే లోపలి ఒళ్ళు చటుక్కున ముడుచుకుంది.

చచ్చిన కండ ముడుచుకోదు.

పలచటి పొర కింద దాని గుండె కొట్టుకోవడం మామూలు కంటికే కనిపిస్తోంది. గుల్లలో పగులు లోపలి మెలిక దాకా పోయింది, కడుపు చీలిపోయింది. పళ్ళెంలోకి జారిన జిగురు బుడగల్లో పిల్లలు మెల్లగా తిరుగుతున్నాయి. సార్ మైక్రోస్కోపులో కన్ను పెట్టారు. ఎంతసేపు చూశారో. చివరికి తల ఎత్తారు.

"నూగు లేదమ్మా. ఒక్కదానికీ లేదు. నువ్వన్నదే నిజం."

ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళు కాచుకున్నానో ఆయనకు తెలుసు. విని ఏం చెయ్యను? గట్టిగా ఏడ్చేశాను. ఏడుస్తూనే కండ ముక్క కోశాను. కోయకపోతే అది చచ్చింది ఎందుకు? పిల్లల్ని శుభ్రమైన నీళ్ళలో వదిలాం. నెలలు నిండనివి. సాయంత్రానికి ఒక్కటీ కదల్లేదు.

డీఎన్‌ఏ అద్భుతంగా వచ్చింది. అక్షరం పొల్లు పోలేదు. ఎన్నిసార్లు చెట్టు గీయించినా ఆ కొమ్మ అదే చోట, మిగతా వాటికి దూరంగా, ఒంటరిగా మొలిచింది. మన చెరువు నత్తలన్నీ ఒకదాని నుంచి ఒకటి విడిపోకముందే అది విడిపోయి, తన దారిన తాను బతుకుతూ వచ్చింది. దానికి దగ్గరి దాయాది అంటూ ఎవరూ లేరు. ఆ బొమ్మ తెర మీద చూస్తూ కుర్చీలో కూర్చుండిపోయాను. పక్క సీటు అమ్మాయి ఏమైంది, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

కొత్త జాతికి పేరు పెడితే, ఆ పేరు ఒక్క నత్తకు కట్టుబడి ఉండాలి. అది మా శాస్త్రం నియమం. ఆ ఒక్కదాన్ని మ్యూజియంలో భద్రం చేస్తారు. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే తీసి చూస్తారు. సీసాలో సార్ దాచిన అందమైన గుల్లలున్నాయి గానీ, వాటి ఒళ్ళు లేదు, డీఎన్‌ఏ లేదు. ఒళ్ళూ గుల్లా డీఎన్‌ఏ అన్నీ ఉన్నది ఈ తల్లి ఒక్కటే. అందుకని పేరు దానికే.

చీటీ రాయించుకుందామని మూసాపేట పోయాను. సార్ వరండాలో బల్ల ముందు వంగి కూర్చున్నారు. ముందు తెల్లగుడ్డ పరిచి, పగిలిన గుల్ల పెచ్చులు వరసగా పెట్టుకున్నారు. పక్కన జిగురు, సన్నటి బ్రష్షు. ఒక పెచ్చును చిన్న పట్టకారుతో పట్టుకుని అంచుకు అంచు సరిచూస్తున్నారు.

"అతికియ్యకున్రి సార్," అన్నాను.

ఆయన తల ఎత్తారు. "మ్యూజియంకు పోయేది కదమ్మా. ఇలాగే పంపితే, మనమే పగలగొట్టినట్టు తెలిసిపోతుంది."

"తెల్వాలె సార్."